కదిలించే చక్రాలు, ఆపే చక్రాలు

నవంబరు వచ్చిందంటే అమెరికాలో మంచు పడే ఊళ్ళ తెలుగు ఇళ్ళలో ఒక చర్చ మొదలవుతుంది. దీపావళి భోజనాల దగ్గరో, గుడి హాల్లో ప్రసాదాల వరసలోనో, డాలస్ నుంచో హైదరాబాదు నుంచో కొత్తగా వచ్చిన కుర్రాడెవరో అడుగుతాడు: “అన్నా, ఇక్కడ చలికాలానికి ఆల్ వీల్ డ్రైవ్ ఉండాల్సిందేనా? మామూలు కారు సరిపోదా?” ఇక జవాబులకి కొదవుండదు. ఒకాయన అది లేకుండా ఇల్లు కదలడమే తప్పంటాడు. ఇంకొకాయన పాతికేళ్ళుగా పాత కామ్రీతోనే నెట్టుకొస్తున్నానంటాడు. పిల్లలున్న ఇల్లు కదా, డబ్బు గురించి ఆలోచించకండి అని ఒకావిడ తీర్పు చెప్పేస్తుంది. ఆ కుర్రాడు మర్నాడు వెళ్ళి, నెలనెలా కట్టే వాయిదా కాస్త పెరిగినా సరే అనుకుని, నాలుగు చక్రాలూ తిరిగే బండి కొనేస్తాడు. నిశ్చింతగా నిద్రపోతాడు.

నాకు అభ్యంతరం ఆ బండి మీద కాదు, ఆ నిశ్చింత మీద. ఇరవై ఏళ్ళకి పైగా ఈ చర్చ వింటున్నాను. వినగా వినగా నాకు తోచిందేమిటంటే, ఈ ప్రశ్నలో రెండు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. బండి కదులుతుందా అన్నది ఒకటి. ఆగుతుందా అన్నది రెండోది. చరిత్రలో ఈ రెండిటికీ వేర్వేరు మనుషులు, వేర్వేరు దేశాల్లో, వేర్వేరు అవసరాల కోసం జవాబులు వెతికారు. మొదటి ప్రశ్నకి దొరికిన జవాబుని రెండో ప్రశ్నకి కూడా జవాబుగా మనం ఎలా నమ్మడం మొదలుపెట్టామో చెప్పడానికే ఈ వ్యాసం.

గుర్రాలకి శీతాకాలపు లాడాలు

మోటారు బండి రాకముందు మంచు ప్రయాణానికి శత్రువు కాదు, మిత్రుడు. వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ లాంటి చోట్ల మట్టి రోడ్లు వేసవిలో దుమ్ము, వసంతంలో బురద. చలికాలంలో మాత్రం వాటి మీద మంచు పరుచుకుని గతుకులన్నీ పూడిపోయేవి. చక్రాల బండి పక్కన పెట్టి, కింద ఇనుప పట్టీలున్న స్లెడ్జిలు బయటికి తీసేవాళ్ళు. అడవిలో నరికిన దుంగలు ఊళ్ళోకి చేరేది అప్పుడే. అందుకని వాళ్ళు మంచుని తీసెయ్యలేదు. పెద్ద పెద్ద చెక్క రోలర్లని గుర్రాల చేత లాగించి, ఉన్న మంచుని అణగదొక్కి రోడ్డుగా చేసుకున్నారు. పైకప్పున్న చెక్క వంతెనల లోపల మంచు పడదు కదా, అక్కడ స్లెడ్జి ఆగిపోకుండా మనుషుల్ని పెట్టి బయటి మంచు తెచ్చి పరిపించేవాళ్ళు. ఇవాళ మంచు ఎత్తిపోయడానికి జీతాలిస్తున్నట్టే, అప్పుడు మంచు పొయ్యడానికి జీతాలిచ్చారన్నమాట.

ఇంతకీ ఆ స్లెడ్జి లాగే గుర్రం సంగతేమిటి? మన వైపు ఎద్దులకి లాడాలు కొట్టించినట్టే అక్కడ గుర్రాలకి కొట్టిస్తారు. చలికాలం రాగానే మామూలు లాడాలు తీయించి, అడుగున మొనలు తేలినవి వేయించేవాళ్ళు. ఆ మొనలు గడ్డకట్టిన మంచులో దిగితే తప్ప గుర్రం నిలదొక్కుకోలేదు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. గుర్రం నాలుగు కాళ్ళతోనూ లాగుతుంది. అంతకన్నా అసలు సిసలైన ఆల్ వీల్ డ్రైవ్ ఇంకేముంది? అయినా సరే, కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళి కాలి కింద ఉన్నది మార్పించాల్సి వచ్చింది. నాలుగు కాళ్ళు ఉండటం వేరు, ఆ కాళ్ళకి పట్టు ఉండటం వేరు అని గుర్రం ఉన్న ప్రతి రైతుకీ తెలుసు.

కారొచ్చాక ఈ తెలివి ఎక్కడో జారిపోయింది.

నాలుగు చక్రాలకీ ఇంజను

ఎడ్లబండిలో చక్రం లాగదు, దొర్లుతుంది. లాగేది ఎద్దు గిట్ట. మోటారు కారు వచ్చాక దొర్లే పని, లాగే పని, తిప్పే పని, ఆపే పని, అన్నీ చక్రం నెత్తినే పడ్డాయి. తొలినాళ్ళ కార్లలో చాలావాటికి ఇంజను శక్తి వెనక రెండు చక్రాలకే అందేది. ముందు చక్రాలు బండిని తిప్పడానికి పక్కకి వంగాలి. అలా వంగుతూనే ఇంజను శక్తిని కూడా అందుకోవాలంటే కీలు దగ్గర చాలా చిక్కుంది.

ఆ చిక్కుని దాటిన తొలి పెట్రోలు కారుగా 1903లో డచ్చివాళ్ళు చేసిన స్పైకర్ 60 హెచ్‌పీని చెప్పుకుంటారు. పందెం కోసం కట్టిన ఆ బండి ఇప్పటికీ హేగ్ నగరంలోని లూమన్ మ్యూజియంలో ఉంది. దానిలో నాకు నచ్చిన సంగతి, నాలుగు చక్రాలకీ శక్తినివ్వడమే కాదు, బ్రేకులు కూడా నాలుగు చక్రాల మీదా పనిచేసేవి. కదలడం, ఆగడం రెండూ ఒకే సమస్యకి రెండు ముఖాలని వాళ్ళకి తోచింది. తర్వాత చాలామందికి తోచలేదు.

విస్కాన్సిన్ రాష్ట్రంలో క్లింటన్‌విల్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఓటో జాకో, విలియం బెసర్‌డిక్ అనే ఇద్దరు, ఒకరికొకరు బంధువులు, లోహపు పని తెలిసినవాళ్ళు, ముందు చక్రానికి శక్తినందించే కీలుని ఒక గుండ్రటి గిన్నెలో మూసిపెట్టే పద్ధతి కనిపెట్టారు. 1909 ప్రాంతంలో కంపెనీ పెట్టారు. పేరే ఫోర్ వీల్ డ్రైవ్. కార్లు పెద్దగా అమ్ముడుపోలేదు గాని, మొదటి ప్రపంచ యుద్ధం వాళ్ళ లారీలకి గిరాకీ తెచ్చింది. అదే రాష్ట్రంలో కెనోషాలో తయారైన జెఫరీ క్వాడ్ లారీలకీ అంతే. ఫ్రాన్సు బురదలో ఫిరంగి గుళ్ళు మోసింది అవే. యుద్ధం అయిపోయాక మిగిలిపోయిన లారీల్ని ప్రభుత్వం రాష్ట్రాల రోడ్ల శాఖలకి పంచేసింది. వాటిలో కొన్నింటికి ముందు పెద్ద ఇనుప పలక బిగించి మంచు తోయించారు. అంటే, నాలుగు చక్రాల బండికి మంచులో మొదట దొరికిన ఉద్యోగం తక్కిన బండ్లకి దారి చెయ్యడం.

ఆ తర్వాత కథ మనకీ తెలుసు. 1940లో అమెరికా సైన్యం కోరితే బాంటమ్ కంపెనీ తొలి నమూనా కట్టింది. విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు లక్షల్లో తయారుచేశాయి. అదే జీపు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లోనే మహీంద్రా వాళ్ళు ఇక్కడ విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. మన ఊళ్ళలో జీపంటే తాసిల్దారు, పోలీసు, ఎన్నికల ప్రచారం. వర్షాకాలంలో నల్లరేగడిలో దిగబడిన లారీని బయటికి లాగే బండి. బురదలోంచి, ఇసుకలోంచి, దారిలేని చోటునుంచి బయటపడెయ్యడం, అదీ జీపుకి ఉన్న పేరు. గంటకి అరవై మైళ్ళ వేగంతో పోతూ గాజులాంటి మంచు మీద ఆగమని దాన్ని ఎవరూ అడగలేదు.

ఆగడం గురించి ఆలోచించినవాళ్ళు

ఇప్పుడు రెండో దారి చూద్దాం. ఇది ఇంత ఆర్భాటంగా నడిచిన దారి కాదు.

1904లో న్యూయార్క్ రాష్ట్రంలోని కానస్టోటా ఊరికి చెందిన హ్యారీ వీడ్, టైరుకి చుట్టే ఇనుప గొలుసులకి పేటెంటు తీసుకున్నాడు. బురదలో, మంచులో జారిపోకుండా జనం టైర్లకి తాళ్ళు చుట్టుకోవడం చూసి ఆయనకి ఆ ఊహ వచ్చిందని చెబుతారు. గుర్రపు లాడానికి మొన పెట్టడం లాంటిదే ఇది కూడా.

1920లలో నాలుగు చక్రాలకీ బ్రేకులు మామూలు కార్లలోకి వచ్చాయి. 1921లో డ్యూసెన్‌బర్గ్, 1924 మోడళ్ళతో బ్యూక్, క్రైస్లర్. అంతకుముందు చాలా కార్లకి వెనక చక్రాలకే బ్రేకులు. కొత్తలో దీనికీ వ్యతిరేకత ఉండేది, ముందు చక్రాలకి బ్రేకు వేస్తే బండి బోల్తా పడుతుందని భయపెట్టినవాళ్ళున్నారు. ఆ దశాబ్దం ముగిసేసరికి వాదన ముగిసింది. ఈ చిన్న సంగతిని గట్టిగా గుర్తుపెట్టుకోమని మనవి. దాదాపు నూరేళ్ళుగా ప్రతి కారూ ఆగే విషయంలో ఆల్ వీలే. ముందు చక్రాల బండైనా, వెనక చక్రాల బండైనా, నాలుగు చక్రాల బండైనా బ్రేకు తొక్కితే నాలుగూ ఆగుతాయి. అక్కడ ఇంజను పాత్ర దాదాపు లేనట్టే. ఉన్నది టైరు, దాని కింద రోడ్డు.

ఆ టైరు గురించి పట్టుదలగా ఆలోచించినవాళ్ళు ఫిన్లండువాళ్ళు. 1934లో ఫిన్నిష్ రబ్బర్ వర్క్స్ అనే కంపెనీ మంచు కోసమే ప్రత్యేకంగా లారీ టైరు చేసింది. మంచుని తవ్వుకుంటూ పోయేలా అడ్డంగా లోతైన గాళ్ళు పెట్టారు. రెండేళ్ళకి, 1936లో, కార్లకి కూడా అలాంటిది చేసి హక్కపెలీట్టా అని పేరు పెట్టారు. పదిహేడో శతాబ్దపు ఫిన్నిష్ ఆశ్వికుల పేరది. తరవాత 1967లో ఆ రబ్బరు కంపెనీ ఇంకో రెండిటితో కలిసిపోయింది. అలా కలిసిన కంపెనీ పేరు నోకియా! మనలో చాలామందికి మొదటి సెల్‌ఫోను అమ్మిన నోకియానే. ఫోన్ల వైభవం పోయింది గాని, టైర్ల విభాగం 1988లో వేరుపడి ఇప్పటికీ అదే పేరుతో మంచు టైర్లు అమ్ముతోంది.

మంచు టైరులో రహస్యం గాళ్ళలోనే లేదు, రబ్బరులో కూడా ఉంది. మామూలు రబ్బరు చలికి బిగుసుకుపోతుంది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోయేకొద్దీ వేసవి టైరు పట్టు తగ్గుతూ వస్తుంది. మంచు టైరు రబ్బరుని చలిలో కూడా మెత్తగా ఉండేలా కలుపుతారు. దాని మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి చీలికలుంటాయి. ఒక్కో చీలిక అంచూ మంచుని పట్టుకుంటుంది.

ఉప్పు

ఈ రెండు దారుల మధ్యలో మూడోది ఒకటుంది, మనం ఎవరం తలుచుకోనిది. అదే ఉప్పు. 1938లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం రోడ్ల మీద ఉప్పు చల్లడం ప్రయోగంగా మొదలుపెట్టింది. 1941-42 చలికాలానికి దేశం మొత్తం మీద 5 వేల టన్నులు చల్లారు. ఇప్పుడు ఏటా కోట్ల టన్నుల లెక్క. దానివల్ల కార్ల అడుగులు తుప్పు పట్టడం, చెరువుల్లో ఉప్పు పెరగడం వేరే కథ. మన కథకి కావలసిందేమిటంటే, యుద్ధం తర్వాత అమెరికన్లు మంచు రోడ్డుని ఒప్పుకోవడం మానేశారు. మంచు ఎంత పడ్డా కొన్ని గంటల్లో నల్లటి రోడ్డు కనబడాలి. తాతల కాలంలో రోడ్డు మీద మంచు పోసిన రాష్ట్రాల్లోనే ఇది జరిగింది.

అంటే, మంచులో కూరుకుపోయే రోజులు ఊళ్ళలో బాగా తగ్గిపోయాక గాని ఆల్ వీల్ డ్రైవ్ మామూలు కారులోకి రాలేదు. మిగిలిన ప్రమాదం వేరు. శుభ్రంగా కనబడే నల్లరోడ్డు మీద, వంతెన పైన, తెల్లవారుజామున, కంటికి కనబడని గడ్డ మంచు. అక్కడ కదలడం సమస్య కాదు. బండి అప్పటికే కదులుతోంది.

అమ్ముడుపోని జవాబు, అమ్ముడుపోయిన జవాబు

హ్యారీ ఫెర్గుసన్ పేరు మన రైతులకి కొత్త కాదు, మాసీ ఫెర్గుసన్ ట్రాక్టర్లో సగం ఆయనే. ఐర్లండుకి చెందిన ఆ ఇంజనీరు చివరి ఏళ్ళలో తన డబ్బంతా మామూలు కార్లకి నాలుగు చక్రాల డ్రైవ్ పెట్టడం మీద ఖర్చుపెట్టాడు. ఆయన ఆశ పందాలు కాదు, రోడ్డు మీద భద్రత. ఆయన 1960లో చనిపోయాడు. మరుసటి ఏడు ఆయన సంస్థ కట్టిన పీ99 కారులో స్టెర్లింగ్ మాస్ వానకి తడిసిన ఔల్టన్ పార్క్ మీద గోల్డ్ కప్ గెలిచాడు. 1966లో ఆ పద్ధతితోనే జెన్సన్ ఎఫ్ఎఫ్ అనే కారు వచ్చింది. అందులో నాలుగు చక్రాల డ్రైవ్‌తో పాటు, విమానాల కోసం డన్‌లప్ తయారుచేసిన చక్రాలు బిగుసుకుపోని బ్రేకుల పద్ధతి కూడా పెట్టారు. కదలడానికి ఒకటి, ఆగడానికి ఒకటి. అరవై ఏళ్ళ తర్వాత స్పైకర్ ఆలోచన మళ్ళీ బతికింది. కాని ఆ కారు ఖరీదు మరీ ఎక్కువ. మూడు వందల పైచిలుకు మాత్రమే తయారయ్యాయి.

అమ్ముడుపోయినవి వేరు. జపాను ఈశాన్యంలో తొహోకు విద్యుత్ సంస్థ మనుషులు చలికాలంలో కొండల మీద కరెంటు తీగలు చూసుకోవాలి. జీపుల్లో చలికి వణికిపోతున్నామని, కారులా సుఖంగా ఉండి జీపులా ఎక్కే బండి కావాలని అడిగారు. మియాగి ప్రాంతపు సుబారు వాళ్ళు తమ 1300జీ బండికి వెనక చక్రాలు కూడా తిప్పి చూపించారు. 1971 టోక్యో ప్రదర్శనలో అది కనబడింది. 1972లో లియోన్ పేరుతో అమ్మకానికొచ్చింది. కొన్నేళ్ళకి అమెరికా కొండ ఊళ్ళకి చేరింది.

ఔడీ కథ ఇంకా ప్రసిద్ధం. 1970ల చివర్లో ఫిన్లండు మంచులో పరీక్షలు చేస్తుండగా, సైన్యానికి చేసిన ఇల్టిస్ అనే తక్కువ బలమున్న బండి తమ పెద్ద కార్లని దాటిపోవడం యోర్గ్ బెన్సింగర్ అనే ఇంజనీరు గమనించాడు. 1978 జనవరిలో నమూనా కారుని ఆస్ట్రియాలోని టూరాకర్ హోహె కనుమ మీదికి, నూటికి 23 వాలున్న దారిలో, వేసవి టైర్లతోనే, గొలుసులు లేకుండా ఎక్కించారు. 1980లో జెనీవాలో క్వాట్రో విడుదలైంది. 1981లో స్వీడన్ ర్యాలీ హన్ను మికొలా, సాన్‌రెమో ర్యాలీ మిషెల్ మూటన్ అందులోనే గెలిచారు. 1986లో ఫిన్లండులోని కైపోలాలో స్కీ దూకుళ్ళ కోసం కట్టిన నిట్టనిలువు ఏటవాలు మీదికి ఔడీ కారు ఎక్కుతున్న ప్రకటన తీశారు. ఆ బొమ్మ ఒక తరం మనసులో ముద్ర పడిపోయింది.

నేను గమనించింది ఒకటే. ఆ కనుమ మీదికి ఎక్కిన సంగతి అందరూ చెప్పుకుంటారు. దిగిన సంగతి ఎవరూ చెప్పుకోరు. 2005లో అదే ఏటవాలు మీద అదే విన్యాసం మళ్ళీ చేసినప్పుడు ఆ కారు వేసుకున్నవి మేకులున్న టైర్లు. గుర్రపు లాడాలే, ఇంకో రూపంలో.

ఇదే కాలంలో ఇంకో మార్పు జరిగింది. అప్పటిదాకా మంచు రాష్ట్రాల్లో చాలామందికి శరదృతువులో మంచు టైర్లు వేయించుకోవడం అలవాటు. 1977లో గుడియర్ కంపెనీ టియెంపో పేరుతో అన్ని కాలాలకీ ఒకే టైరు అని అమ్మింది. ఆ మాట జనానికి నచ్చింది. కార్లు కూడా వెనక చక్రాలవి పోయి ముందు చక్రాలవి వచ్చాయి, ఇంజను బరువు లాగే చక్రాల మీదే పడి మంచులో కాస్త బాగా కదిలాయి. ఏటా రెండుసార్లు టైర్లు మార్పించే పని జనం మానుకున్నారు. నా లెక్కలో, ఆ ఖాళీ అయిన చోటులోనే ఆల్ వీల్ డ్రైవ్ వచ్చి కూర్చుంది. ఒకసారి కొంటే చాలు, ఏటా కమ్మరి దగ్గరికి వెళ్ళక్కర్లేదు.

కొంచెం లెక్క

చరిత్ర చెప్పినదాన్ని హైస్కూలు భౌతికశాస్త్రం కూడా చెబుతుంది. టైరుకీ రోడ్డుకీ మధ్య పట్టుని ఒక అంకెతో కొలుస్తాం. పొడి రోడ్డు మీద అది సుమారు 0.8. తొక్కుడుపడ్డ మంచు మీద ఆల్ సీజన్ టైరుకి 0.2, మంచు టైరుకి 0.3 అనుకుందాం. తడిసిన గడ్డ మంచు మీద 0.1, ఇంకా తక్కువ. ఇవి స్థూలమైన అంకెలు, మంచు తీరుని బట్టి అటూఇటూ అవుతాయి.

గంటకి 30 మైళ్ళ వేగంతో పోతూ బ్రేకు తొక్కితే పొడి రోడ్డు మీద 38 అడుగుల్లో ఆగుతాం. మంచు మీద మంచు టైర్లతో 100 అడుగులు. ఆల్ సీజన్ టైర్లతో 150. గడ్డ మంచు మీద 300. ఈ లెక్కలో ఎక్కడా ఎన్ని చక్రాలు ఇంజనుతో తిరుగుతాయో రాదు, కారు బరువు కూడా రాదు. మంచు టైర్ల బండి పూర్తిగా ఆగిన చోట, ఆల్ సీజన్ టైర్ల బండి ఇంకా 17 మైళ్ళ వేగంతో పోతూ ఉంటుంది. ఆ చోట స్కూలు బస్సు ఎక్కుతున్న పిల్ల ఉందనుకోండి, ఇది అంకెల సంగతి కాదు.

ఎక్కడం సంగతి చూద్దాం. అదే మంచు మీద ముందు చక్రాల బండి, ఆల్ సీజన్ టైర్లతో, వంద అడుగుల దూరానికి పదకొండున్నర అడుగుల ఎత్తు దాకా ఎక్కుతుంది. నాలుగు చక్రాల బండి అవే టైర్లతో 20 అడుగులు ఎక్కుతుంది. ఇది తక్కువ తేడా కాదు, ఆల్ వీల్ డ్రైవ్‌కి ఉన్న పేరు ఊరికే రాలేదు. కాని ముందు చక్రాల బండికే మంచు టైర్లు వేస్తే 17 అడుగులు ఎక్కుతుంది. అంటే, టైర్లు మారిస్తే ఎక్కడంలో లాభం చాలామటుకు వస్తుంది, ఆగడంలో లాభం పూర్తిగా వస్తుంది. ఆల్ వీల్ డ్రైవ్ తీసుకుంటే ఎక్కడంలో లాభం వస్తుంది, ఆగడంలో ఏమీ రాదు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. పొద్దున్నే ఇంటి ముందు నుంచి బయల్దేరేటప్పుడు ముందు చక్రాలు కాస్త గిర్రున తిరిగి జారితే, అది మనకొక కబురు: ఇవాళ రోడ్డు బాగాలేదు, నెమ్మదిగా వెళ్ళు అని. నాలుగు చక్రాల బండి ఆ కబురు మనకి చేరనివ్వదు. హాయిగా కదిలిపోతుంది. రోడ్డు ఎలా ఉందో మొదటిసారి తెలిసేది బ్రేకు తొక్కినప్పుడు. మంచు పడిన పొద్దున హైవే పక్క గుంటల్లో నాకు పెద్ద పెద్ద ఎస్‌యూవీలు ఎప్పుడూ కనబడుతూనే ఉంటాయి.

సెందాయ్ దుమ్ము

టైర్ల దారిలో కూడా అన్నీ పువ్వులే లేవు. సుబారు తొలి నాలుగు చక్రాల కారు పుట్టిన మియాగి ప్రాంతానికి ముఖ్యపట్టణం సెందాయ్. అక్కడ జనం చలికాలమంతా మేకుల టైర్లు వాడేవాళ్ళు. మంచు కరిగాక ఆ మేకులు రోడ్డుని గీకి గీకి దుమ్ము లేపేవి. ఊరికి సెందాయ్ ఎడారి అని పేరొచ్చేంత దుమ్ము! ఊపిరితిత్తుల గురించి జనం ఆందోళన చేశారు. 1990లో జపాను ఆ దుమ్ముని అరికట్టడానికి చట్టమే చేసింది. అంతకు రెండేళ్ళ ముందు, 1988లో, బ్రిడ్జ్‌స్టోన్ కంపెనీ బ్లిజ్జాక్ అనే టైరు తెచ్చింది. మేకుల్లేవు. రబ్బరులోనే సూక్ష్మమైన రంధ్రాలు. మంచు మీద పరుచుకునే పలచని నీటి పొరని అవి పీల్చుకుంటాయి. ఇవాళ మనం కొనే మేకుల్లేని మంచు టైర్లు ఆ దారిలో వచ్చినవే. నాలుగు చక్రాల బండి, మేకుల్లేని టైరు, రెండూ ఒకే దేశపు మంచు నుంచి వచ్చాయి. మొదటి దాని పేరు మనందరికీ తెలుసు. రెండోది టైర్ల దుకాణానికి వెళ్తే గాని తెలియదు.

చట్టాలు ఏమంటున్నాయి

కెనడాలో క్యుబెక్ రాష్ట్రం 2008 నుంచి చలికాలంలో మంచు టైర్లు తప్పనిసరి చేసింది. నాది ఆల్ వీల్ డ్రైవ్ అంటే అక్కడ మినహాయింపు లేదు. కాలిఫోర్నియాలో పద్ధతి వేరు. బే ఏరియా నుంచి టాహోకి వెళ్ళే తెలుగువాళ్ళకి ఆ పలకలు పరిచయమే. ఆర్1 అంటే, మంచు గుర్తున్న టైర్లు లేకపోతే గొలుసులు వెయ్యాలి. ఆర్2 అంటే, నాలుగు చక్రాల బండై, నాలుగింటికీ అలాంటి టైర్లుంటేనే గొలుసుల్లేకుండా పోవచ్చు, అయినా గొలుసులు డిక్కీలో ఉండాలి. ఆర్3 అంటే ఎవరికీ మినహాయింపు లేదు. వీడ్ గొలుసు, ఫిన్లండు టైరు, క్లింటన్‌విల్ కీలు, ఈ మూడిటి చరిత్రా ఆ మూడు పలకల మీద ఉంది. చివరికి మిగిలేది 1904 నాటి గొలుసే.

టైరు కొనేటప్పుడు చూడవలసిన గుర్తు ఒకటుంది. మూడు శిఖరాల కొండ, లోపల ఒక మంచు రేకు. 1999 నుంచి వాడుకలో ఉంది. ఎం ప్లస్ ఎస్ అన్న అక్షరాలు గాళ్ళ ఆకారాన్ని బట్టి వేసేవి, వాటికి పరీక్ష లేదు. కొండ గుర్తుకి మంచు మీద పరీక్ష ఉంది. కాని అమెరికాలో ఆ పరీక్ష కొలిచేది మంచు మీద టైరు ఎంత బాగా లాగుతుందన్నదే, గడ్డ మంచు మీద ఎంత బాగా ఆగుతుందన్నది కాదు. చూశారా, ఇక్కడ కూడా కదలడమే ముందుకొచ్చింది.

మరి కొనాలా, వద్దా?

ఇల్లు ఏటవాలు మీద ఉన్నవాళ్ళకి, ఊరికి దూరంగా మంచు తోసే బండి మధ్యాహ్నం దాకా రాని చోట ఉన్నవాళ్ళకి, ఎంత మంచు పడ్డా తెల్లవారుజామున ఆసుపత్రికి చేరాల్సిన డాక్టర్లకి, నర్సులకి ఆల్ వీల్ డ్రైవ్ నిజంగా విలువైనదే. వాళ్ళకి కదలడం కూడా ఒక సమస్య. వాళ్ళు ఆ బండి కొని, దానికి మంచు టైర్లు కూడా వెయ్యాలి. చదునైన ఊళ్ళో, రోజూ ఉప్పు చల్లే రోడ్ల మీద తిరిగేవాళ్ళకి ముందు చక్రాల కారు, నాలుగు మంచి మంచు టైర్లు చాలు. మంచు టైర్లు వాడిన నెలల్లో మామూలు టైర్లు అరగవు కాబట్టి అనుకున్నంత ఖర్చు కూడా కాదు. ఏడాదికి రెండు రోజులు మంచు పడే అట్లాంటా, డాలస్‌లలో ఉన్నవాళ్ళకి అన్నిటికన్నా చవకైన ఉపాయం, ఆ రెండు రోజులూ ఇంట్లో కూర్చుని ఉప్మా చేసుకోవడం.

రెండిట్లో ఒకటే కొనగలిగితే టైర్లు కొనమంటాను. అయినా నా మాట గెలుస్తుందని నాకు ఆశ లేదు. ఆల్ వీల్ డ్రైవ్ చేసే మేలు కళ్ళకి కనబడుతుంది. పక్కింటాయన బండి కదలక పార పట్టుకుని తవ్వుకుంటుంటే మనం నవ్వుకుంటూ వెళ్ళిపోతాం. టైరు చేసే మేలు కనబడదు. జరగని ప్రమాదానికి ఫోటో ఉండదు, దాని మీద ఎవరూ ప్రకటన తియ్యలేరు. పాత రోజుల్లో ఆ మేలుకి ఒక సాక్షి ఉండేది. కాలు జారి పడితే గుర్రం కాలు విరిగేది, అందుకే రైతు ఆలస్యం చెయ్యకుండా కమ్మరి దగ్గరికి వెళ్ళేవాడు. మన బండి కాలు విరిగినా మనకి నొప్పి తెలియదు. ఇన్సూరెన్సు చూసుకుంటుంది. ఎదురుగా ఉన్నవాళ్ళ సంగతి మాత్రం అది చూసుకోలేదు.